కర్ర దిగిన చోటు

ములకలపల్లి
14-3-1985

చి. నిర్మలకు మామయ్య ఆశీస్సులు.

పొడి ఎండ. గాలి లేదు. పొద్దున బావి గిలకకు ఆముదం వేశాను. కిర్రుమనడం తగ్గింది.

ఇక్కడ అందరం కులాసా. నీకు చింతకాయ పచ్చడి పంపాలని మీ అత్తయ్య జాడీ కట్టి పెట్టింది. వరంగల్ వెళ్ళే మనిషి దొరకాలి.

పని ఉండి రాస్తున్నాను. మన నర్సరీ వెనక కొండ మీద వెదురంతా పూసింది. వెదురు జన్మకొకసారి పూస్తుంది. పూసి, గింజ రాల్చి, ఎండిపోతుంది. కొండ కింద గూడెం పెద్ద పగిడయ్య తాత ఇదివరకు పూసింది చూశాడట. అప్పటికి తనకు మీసం రాలేదన్నాడు. ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటాయి. గూడెంలో ఇళ్ళు, దడులు, తట్టలు, సారపాక కాగితం మిల్లు లారీలకు కొట్టే కూలి పని, అన్నీ ఆ వెదురుతోనే. కొండ ఖాళీ అయితే అటవీ శాఖ వాళ్ళు జామాయిలు వేస్తారని మాట పుట్టింది. అందుకని వాళ్ళు గింజ ఏరి, కొంత వండుకు తిని, రెండు బస్తాలు నా దగ్గర పెట్టారు. నారు పోసి ఇస్తే వచ్చే ఏడు కొండ మీద నాటుకుంటామన్నారు.

టేకు, చింత, జామాయిలు నాకు తెలుసు. వెదురు గింజ ఎప్పుడూ మొలిపించలేదు. చుట్టుపక్కల నర్సరీల్లో అడిగాను. ఎవరికీ తెలియదు. గింజ బలం వానల దాకానే అంటున్నారు. జూన్ నడిమికల్లా రెండు బస్తాలూ విత్తాలి. ఈ లోపల చిన్న మడుల్లో పరీక్ష చేద్దామని ఉంది. బావి రోజుకు ఇరవై నాలుగు కడవలు ఇస్తుంది. ఆరు టేకు నారుకు పోతాయి. మిగిలిన పద్దెనిమిదితో ఎన్ని మడులు, ఎలా వెయ్యాలి? నా చేతిలో ఉన్నవి రెండే. మడికి పోసే నీళ్ళు, తాటాకు తడికతో కప్పి ఉంచే గంటలు.

నువ్వు ఇలాంటి లెక్కలే చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. నేను ఐదు దాకా చదివినవాణ్ణి. లెక్కపెట్టడం వచ్చు. ఏది లెక్కపెట్టాలో తెలియదు.

ఇట్లు
చెంచురామయ్య


వరంగల్, లేడీస్ హాస్టల్
18-3-1985

పూజ్యులైన మామయ్యకు నిర్మల నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎమ్మెస్సీలో చేరి ఏడాదిన్నర అయింది, ఇప్పటిదాకా ఒక్కరు కూడా నన్ను లెక్క అడగలేదు. అడిగినవాళ్ళంతా పెళ్ళెప్పుడని అడిగారు.

తొమ్మిది మడులు వెయ్యండి. నీళ్ళు రోజుకు ఒక కడవ, రెండు, మూడు. నీడ నాలుగు గంటలు, ఆరు, ఎనిమిది. ప్రతి నీటికీ ప్రతి నీడ జత చేస్తే తొమ్మిది అవుతాయి. రోజుకు సరిగ్గా పద్దెనిమిది కడవలు. మడికి వంద గింజలు. మూడు వారాలకు బతికి ఉన్న మొలకలు లెక్కపెట్టాలి.

ఏ జత ఏ మడికో మీరు ఎంచవద్దు. బావి పక్క మడికి చెమ్మ ఎక్కువ ఉండొచ్చు, మీ చెయ్యి తెలియకుండానే మంచి మడికి మంచి జత ఇస్తుంది. తొమ్మిది చింతపిక్కల మీద సున్నంతో గుర్తులు పెట్టి అత్తయ్య చేత తీయించండి.

మా పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. ఫలితాన్ని ఒక కొండ అనుకోవాలి. ఎటు ఎక్కితే ఎత్తు పెరుగుతోందో చూసి, అటే ఇంకో నాలుగు అడుగులు వెయ్యాలి. అలా శిఖరానికి చేరతాం. ఏ రోజు పని ఆ రోజు మీరు రాసుకునే రోజు పుస్తకం పేజీలు కూడా నకలు తీసి పంపండి. ఏదీ చిన్న విషయం అనుకోవద్దు.

మీ
నిర్మల

పచ్చడి కోసం మా గదిలో నలుగురు ఎదురు చూస్తున్నారు.


ములకలపల్లి
13-4-1985

చి. నిర్మలకు ఆశీస్సులు.

ఎండ ముదిరింది. టేకు నారుకు కలుపు తీశాను.

మార్చి 22న విత్తాను. పిక్కలు మీ అత్తయ్య తీసింది. మనుషులకు లేని గొడుగులు మడులకా అని అడిగింది. తడికలు కప్పే వేళ, తీసే వేళ తనే చూస్తోంది. నా గడియారం కంటే తన వంటే సమయం బాగా చెబుతుంది.

నిన్న లెక్కపెట్టాను. వందకు మొలకలు ఇవి.

నాలుగు గంటల నీడ: ఒక కడవకు 22, రెండుకు 45, మూడుకు 58.
ఆరు గంటలు: 38, 60, 72.
ఎనిమిది గంటలు: 51, 74, 80.

రోజు పుస్తకం పేజీలు నకలు తీసి ఇందులో పెట్టాను. పచ్చడి జాడీ బొజ్జయ్య బావమరిది చేత పంపాను. బొజ్జయ్య మన ఊరి పోస్టు తెచ్చే మనిషి.

చెంచురామయ్య


వరంగల్
18-4-1985

మామయ్యకు నమస్కారాలు.

జాడీ చేరింది. రెండు రోజులే బతికింది.

మీ అంకెలు చూసి గదిలో ఎగిరాను. ఎంత నున్నగా ఎక్కుతోందో చూడండి. నీళ్ళు పెంచితే పెరుగుతోంది, నీడ పెంచితే పెరుగుతోంది. కాగితం మీద కొండ గీసి సెమినార్‌లో చూపించాను. మా మేడమ్ మెచ్చుకున్నారు. ములకలపల్లి ఎక్కడ అని నలుగురు అడిగారు.

ఇప్పుడు ఎత్తు వైపు నడుద్దాం. మూడు కడవలు ఎనిమిది గంటలు మళ్ళీ ఒకటి. నాలుగు కడవలకు ఎనిమిది. మూడుకు పది. నాలుగుకు పది. నడుమ మూడున్నర కడవలకు తొమ్మిది గంటలు. మొత్తం ఐదు మడులు, పదిహేడున్నర కడవలు. తొంభై దాటుతుందని నా పందెం.

మీ
నిర్మల


ములకలపల్లి
2-5-1985

చి. నిర్మలకు.

వడగాలి. ఏ పనీ చెయ్యలేదు.

ఐదు మడులూ పోయాయి. మొలక పైకి వచ్చిన రెండో రోజే మొదలు దగ్గర నల్లబడి, వంగి, కరిగిపోయింది. ఒక్కటి కూడా నిలవలేదు.

కడవ శుభ్రంగా లేదేమో. లేక నా చేతిలోనే ఏదో ఉంది. బస్తాలు రెండూ తిరిగి తీసుకుపొమ్మని పగిడయ్య తాతకు చెబుదామని ఉంది. వండుకునైనా తింటారు. వాళ్ళు నమ్మి ఇచ్చిన గింజ నా దగ్గర పాడవడం నాకు ఇష్టం లేదు.

నీ పరీక్షలు దగ్గరికి వచ్చినట్టున్నాయి. ఇది పట్టించుకోకు.

చెంచురామయ్య


వరంగల్
7-5-1985

మామయ్యకు నమస్కారాలు.

బస్తాలు ఇవ్వకండి. ఈ ఉత్తరం చదివాక మీ ఇష్టం.

మూడు కడవలు, ఎనిమిది గంటలు. అదే జత ఏప్రిల్‌లో 80 ఇచ్చింది, ఇప్పుడు సున్న ఇచ్చింది. అదే కడవ, అదే చెయ్యి. నాకు నిద్ర పట్టలేదు. మీరు పంపిన రోజు పుస్తకం నకలు ముందు పెట్టుకుని వరసన చదివాను. అందులో బావి గిలక ఉంది, పిల్లి ఈనడం ఉంది, అత్తయ్య అలిగిన రోజు కూడా ఉంది (కారణం రాయలేదు). ప్రతి రోజు చివరా ఒక మాట ఉంది. పోసిన కడవలు, పద్దెనిమిది.

మార్చి 30 దాకా పద్దెనిమిది. 31 నుంచి పదిహేడున్నర. చివరి దాకా పదిహేడున్నర.

మామయ్యా, తొమ్మిది మడులకు పద్దెనిమిది కడవలు కావాలి. ఆ అర కడవ ఏ మడికి తగ్గింది? ఎందుకు తగ్గింది?

మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగడం లేదు. రోజు పుస్తకంలో మీరు అబద్ధం రాయలేరని అమ్మ ఎప్పుడూ అంటుంది. అందుకే అక్కడ వెతికాను.

నిర్మల


ములకలపల్లి
11-5-1985

చి. నిర్మలకు మామయ్య ఆశీస్సులు.

ఎండ. పొద్దున పాడైన ఐదు మడుల మట్టి తోడి బయట పోశాను.

నువ్వు అడిగింది నిజం. మూడు కడవలు ఎనిమిది గంటల మడి మొదటిసారే పోయింది. మార్చి 30 సాయంత్రం చూశాను. మిగిలిన ఎనిమిదీ పచ్చగా ఉన్నాయి. ఇది ఒక్కటే నల్లగా. నా చేతి తప్పే అనుకున్నాను. మరునాడు తెల్లారే మట్టి మార్చి మళ్ళీ విత్తాను. భయంతో నీళ్ళు రెండున్నరకు తగ్గించాను. 80 ఆ రెండోసారి విత్తినదానిది.

నర్సరీ పనిలో మాకు ఒక అలవాటు. ఖాళీ మడి ఎవరి కంటా పడకూడదు. గింజ ఇచ్చినవాడి కంట అసలే పడకూడదు. సందు కనిపిస్తే ఆ పూటే నింపాలి. ముప్పై ఏళ్ళుగా నింపుతున్నాను. నీకు రాసేటప్పుడు కూడా నింపేశాను. మడికి పోసిన నీళ్ళు మాత్రం పోసినన్నే రాశాను.

ఇవాళ పగిడయ్య తాత వచ్చాడు. ఖాళీ మడుల దగ్గర కూర్చుని ఉంటే చూశాడు.

"ఏంది చెంచయ్యా, గట్ల కూసున్నవ్?" అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. మొదటి మడి సంగతి కూడా. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. తరువాత నవ్వాడు.

"వానకాలం కిన్నెరసాని ఎట్ల దాటుతం? ముందటోడు కర్రతోని పొడుసుకుంట పోతడు. కర్ర దిగిన చోటు ఎనకొచ్చేటోనికి జెప్పాలె. జెప్పకపోతె ఆడు మునుగుతడు. నువ్వు గదే జేసినవ్. పాపం ఆ పిల్ల మునిగింది."

మడులు నింపడం సరే, కర్ర దిగిన చోటే అసలు కబురు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మోకాలి లోతున్నంత మేర ఊరికే నడుస్తారట, పొడవరట. ఒకసారి కర్ర బుడుంగున దిగితే, అక్కడి నుంచి దాని పక్కపొంటే జానెడు జానెడుకు పొడుస్తారట, అంచు దొరికే దాకా.

బస్తాలు తీసుకుపొమ్మంటే వినలేదు. "గా పిల్లకు రాయి" అన్నాడు.

మెప్పు పొందిన నీ కొండ బొమ్మ నా వల్ల చెడింది. క్షమించు.

చెంచురామయ్య


వరంగల్
15-5-1985

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

క్షమించే పని నాది కాదు. నేనూ ఒకటి దాచాను.

శిఖరం ఎక్కే ఆ పద్ధతి మంచిదని ఎంచి చెప్పలేదు. పుస్తకంలో ఆ అధ్యాయం ఒక్కటే నేను చదివాను, అదీ చివరి పేజీ దాకా కాదు. ఆ పద్ధతి నేల నున్నగా ఎక్కి దిగే చోట పనికొస్తుంది. అడుగు తీసి అడుగు వేస్తే గోతిలో పడే చోట పనికి రాదు. ఆ మాట అదే అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఉంది. పేజీ తిప్పలేదు. మీరు నిజం రాసి ఉన్నా నేను చదవకుండానే ఉండేదాన్ని.

మేడమ్ దగ్గరికి వెళ్ళి కొండ బొమ్మ తప్పని చెప్పాను. తాత గారి కర్ర సంగతి కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇది ఆయన ఎక్కడ చదివారు?" అన్నారు. కిన్నెరసానిలో అన్నాను.

ఇప్పుడు లెక్క ఇది. మడులు నేల అంతా సమానంగా పరచడం మానేద్దాం. ఒక మడికి, పక్క మడికి తేడా కొద్దిగా ఉంటే మధ్యలో ఏముందో ఊహించుకోవచ్చు, అక్కడ మడి వెయ్యడం వృథా. ఎక్కడ పక్కపక్క మడుల మధ్య తేడా ఎక్కువో అక్కడే కర్ర పొడవాలి. మీ నిజం అంకెలు పెట్టి చూస్తే అలాంటి చోట్లు రెండే. ఎనిమిది గంటల నీడలో, రెండున్నర కడవలకు 80, మూడుకు సున్న. మూడు కడవల నీటిలో, ఆరు గంటలకు 72, ఎనిమిదికి సున్న. మొత్తం దిగుడంతా ఆ రెండు సందుల్లో ఉంది.

ఆరు మడులు చాలు. ఎనిమిది గంటలకు రెండున్నర, రెండుముప్పావు. మూడు కడవలకు ఆరున్నర గంటలు, ఏడు, ఏడున్నర. నడుమ రెండుముప్పావుకు ఏడున్నర గంటలు. పదిహేడు కడవలు. కడవకు ఎనిమిది చెంబులు కదా, పావు కడవ అంటే రెండు చెంబులు, అత్తయ్య కొలుస్తుంది. చచ్చిన మడి చచ్చినట్టు ఉంచండి. దాని పేరు సున్న. సున్న కూడా అంకే.

మీ
నిర్మల

అత్తయ్య ఎందుకు అలిగింది?


ములకలపల్లి
7-6-1985

చి. నిర్మలకు ఆశీస్సులు.

మబ్బు పట్టి విడిచింది. తడికల తాళ్ళు కొత్తవి మార్చాను.

మే 19న విత్తాను. ఇవాళ లెక్క.

ఎనిమిది గంటలు, రెండున్నర కడవలు: 82. రెండుముప్పావు: 4.
మూడు కడవలు, ఆరున్నర గంటలు: 76. ఏడు గంటలు: 79. ఏడున్నర: సున్న.
రెండుముప్పావు, ఏడున్నర: 78.

రెండు చెంబుల నీళ్ళకు ఎనభై రెండు మొలకలు నాలుగయ్యాయి. ముప్పై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు. గూడెం నుంచి పది మంది వచ్చి చూసి వెళ్ళారు. ఖాళీ మడులు మూయలేదు. మొదట కష్టంగా ఉంది. తరువాత వాళ్ళే వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

రెండు బస్తాలకు నలభై మడులు కట్టాము. ఇప్పుడు ఎడ్లకు, మనుషులకు పొలం పని లేదు కనుక వాగు చెలమల నుంచి గూడెం వాళ్ళు కావళ్ళతో నీళ్ళు మోస్తామన్నారు. ఎనభై రెండు అన్నిటికంటే ఎక్కువ. నలభై మడులూ ఆ జతలోనే విత్తుతాను. నా ఆలోచన సరేనా? జవాబు జల్దీ రాయి. గింజ పొట్టు రాలడం మొదలైంది, ఇక బలం నిలవదు.

చెంచురామయ్య

అత్తయ్య అలిగింది పిల్లి నా బట్టల్లో ఈనినందుకు కాదు, నేను ఆ సంగతి పుస్తకంలో రాసినందుకు.


వరంగల్
11-6-1985

మామయ్యకు నమస్కారాలు.

సరి కాదు. నా పరీక్ష రేపు, అయినా ఇది ముందు.

ఎనభై రెండు ఉన్నది సరిగ్గా అంచు మీద. అక్కడి నుంచి రెండు చెంబులు దాటితే నాలుగు. ఈ నెల్లో వాన వస్తుంది. వానకు మీ చెంబు కొలత తెలియదు. మబ్బు పడితే ఎండ ఉండదు, అది కూడా నీడే. రెండూ ఒకేసారి మిమ్మల్ని లోతు వైపే తోస్తాయి.

వెనక్కి రండి. రెండుంబావు కడవలు, ఏడు గంటలు. డెబ్భై చిల్లర వస్తుంది. వందకు పది మొలకలు వదులుకోవాలి. నాకూ ప్రాణం ఉసూరుమంటోంది. ఇంతకాలం అంచు వెతికింది అక్కడ నిలబడటానికి కాదు, దానికి ఎంత దూరంలో ఉన్నామో తెలియడానికి.

తాత గారిని కూడా అడగండి. ఆయన వేరే మాట చెబితే ఆయన మాటే వినండి.

నిర్మల


ములకలపల్లి
27-6-1985

చి. నిర్మలకు మామయ్య ఆశీస్సులు.

ముసురు. పొద్దున మడుల మధ్య కాలవలు లోతు చేశాను, నీళ్ళు నిలవకుండా.

నీ ఉత్తరం అందిన పూటే పగిడయ్య తాతను అడిగాను. ఎనభై రెండు, డెబ్భై ఆయనకు వేళ్ళ మీద చెప్పాను. "లోతు దొరికినంక అంచు మీద ఎవడన్న కూసుంటడా?" అన్నాడు. 15న విత్తాము. తాత తొలి పిడికెడు చల్లి, గూడెం పద్ధతిలో మొక్కి, తరువాత గింజల తట్ట నా చేతిలో పెట్టాడు.

ఒకటి చెప్పాలి. ముప్పై తొమ్మిది మడులు నువ్వు చెప్పినట్టే వేశాను. ఒక్కటి మాత్రం అంచు మీద వేశాను, రెండున్నర కడవలు, ఎనిమిది గంటలు. ఎనభై రెండు అనే అంకెను వదలలేకపోయాను. నేను రాయకపోయినా నువ్వు కడవల్లో పట్టుకుంటావు. రోజుకు తొంభై ఉండాల్సింది తొంభైంబావు అయింది.

24న మొలకలు కనిపించాయి. మరునాడు మధ్యాహ్నం మీ అత్తయ్య అన్నం వార్చే వేళకు వాన మొదలైంది. చినుకులు కాదు, కుండపోత. రెండు గంటలు కురిసింది. తడికలు కప్పడానికి లేదు, తియ్యడానికి లేదు. గూడెం ఆడవాళ్ళు, మగవాళ్ళు కావళ్ళు అక్కడే పడేసి మడుల గట్లు తెంపి నీళ్ళు వదిలారు. నేను ముందు వెళ్ళింది అంచు మీద మడి దగ్గరికే. ఏమీ చెయ్యలేకపోయాను.

నిన్న పొద్దున అది నల్లబడింది. ఇవాళ అందులో ఒక్క మొలక లేదు.

మిగిలినవి నిలబడ్డాయి. ముప్పై తొమ్మిదీ నిలబడ్డాయి. తాత ఒక్కో మడి దగ్గర కూర్చుని చూసుకుంటూ వెళ్ళాడు. చివరికి ఖాళీ మడి దగ్గర ఆగాడు. దాన్ని నింపలేదు నేను. తన చేతి కర్ర అందులో పాతి వెళ్ళాడు. "ఉండనియ్యి. ఎనకొచ్చేటోళ్ళు జూస్తరు" అన్నాడు. ఇంటికి కర్ర లేకుండానే వెళ్ళాడు.

పరీక్ష బాగా రాశావని మీ అమ్మ రాసింది. సెలవులకు రా. వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. చిన్న అక్షరాలున్న పేజీ నాకు చదివి చెప్పు. ఖాళీ జాడీ కూడా తీసుకురా, మీ అత్తయ్య అడుగుతోంది.

బొజ్జయ్య గుమ్మం ముందు సైకిలు గంట కొడుతున్నాడు. వాగు పొంగితే పోస్టు ఆగిపోతుందట. మడుల దగ్గరికి తిరిగి వచ్చిన తాత కూడా కేకేస్తున్నాడు. నీకు ఇవాళ్టి లెక్క రాసి ఇచ్చేస్తాను.

27-6. తెల్లవారుజాము నుంచి జల్లు. తడికలు తీసే ఉంచాము. మొలకలు వందకు: ఒకటో మడి 71, రెండు 69, మూడు 73, నాలుగు 70. మిగిలినవి రేపు. నలభయ్యో మడి సున్న. పోసిన కడవలు: మా చేత్తో ఏమీ లేదు. పైనుంచి...